ఎడమ తలుపు స్పీకరు

దెయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఎక్కడ చప్పుడొచ్చినా దానికో కారణం ఉంటుంది. వదులైన బోల్టో, అరిగిన బేరింగో దొరుకుతుంది. దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం వెతికి వెతికి అలిసిపోయినాను.

మా ఆవిడ సుగుణ. మేమిద్దరమే, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉంటాం. మా చర్చి పాటల బృందంలో ఆమె ఇరవై ఏళ్ళు పాడింది. పోయిన ఏడాది వానాకాలం మొదట్లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట కూడా పోయింది.

మనుషుల్ని గుర్తుపట్టేది. నోట్లోంచి ఒక్క ముక్క వచ్చేది కాదు. తల ఊపినా అది అవునో కాదో తెలిసేది కాదు. టీ తాగుతావా అంటే అడ్డంగా ఊపి, కప్పు కోసం ఎడమ చెయ్యి చాపేది.

వారానికి రెండుసార్లు కారులో ఒక దీదీ దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. మాట పోయినవాళ్ళకి మళ్ళీ నేర్పే మనిషి. మాట పోయినా ఒక్కోసారి పాట మిగులుతుందని, ఆమెకి బాగా వచ్చిన పాటలు వినిపించమని చెప్పింది.

సుగుణ అక్క విమల వదిన దగ్గర ఒక రికార్డింగు ఉంది. రెండేళ్ళ కిందట చర్చిలో సుగుణ బృందంతో పాడుతుంటే ఫోనుతో తీసింది. పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చింది. ఇంట్లో పెడితే సుగుణ గోడవైపు తిరిగిపోయేది. కారులో అయితే కుదురుగా కూచునేది. అందుకని కారులోనే పెట్టేవాణ్ణి.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. దాంతోపాటు వచ్చిన స్టీరియో గురించి ఏం చెప్పను. రేకు డబ్బాలో తల పెట్టి పాడినట్టుండేది. కొంచెం సౌండు పెంచితే తలుపు మొత్తం గరగరలాడేది. సుగుణ గొంతు వచ్చే చోటే ఆ గరగర ఎక్కువ. ఆమె ఎడమ చెయ్యెత్తి చెవి మూసుకునేది.

దుర్గా పూజలు అయ్యేసరికి తిండి మానేసింది. ముద్ద పెడితే తోసేసేది. ఊరికే కళ్ళవెంట నీళ్ళు కారేవి. ఈ జబ్బులో దిగులు మామూలేనని డాక్టరు మందులు మార్చినాడు. పది రోజుల్లో మనిషి సగమైపోయింది. నేను బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాణ్ణి. ప్రార్థన చేద్దామన్నా మాటలు దొరికేవి కావు.

నా చేతనైనది ఏదో ఒకటి చెయ్యాలి. స్పీకరు మార్పించడం తప్ప ఇంకేమీ తోచలేదు. ఆ పాట గరగర లేకుండా చెవిన పడితే ఆమె నోరు విప్పుతుందని మొండిగా నమ్మినాను.

"ఏటి మరిదీ ఇది? మనిసి మెతుకు ముట్టకపోతే నువ్వు కారుకి పాటలెడతావా?" అంది విమల వదిన.

గోల్‌బజార్ దగ్గర తపన్ అని కారు స్టీరియోలు బిగించే అతను ఉన్నాడు. మా ఊళ్ళో బెంగాలీలకి చాలామందికి కాస్తో కూస్తో తెలుగు తెలుసు. తపన్ ఏడాది కిందటే వేరే ఊరి నుంచి వచ్చినాడు. అతనికి ఒక్క ముక్క రాదు. ఈ సంగతి ముఖ్యం.

పొద్దున్న పదకొండింటికి సుగుణని కూడా తీసుకునే వెళ్ళినాను. ఆమెని షాపులో కుర్చీలో కూచోబెట్టినాం. తపన్ తలుపు లోపలి అట్ట విప్పి, పాత స్పీకరు తీసి నా చేతిలో పెట్టినాడు. బరువే లేదు. కాగితం అంచులు చిరిగి ఉన్నాయి. తలుపు రేకుని వేలితో కొడితే ఠంగుమంది. లోపల నల్లటి మందపాటి షీట్లు అంటించి మళ్ళీ కొట్టినాడు. ఈసారి చెక్కని కొట్టినట్టు మొద్దుగా మోగింది. రెండు తలుపుల్లో కొత్త స్పీకర్లు, డాష్‌బోర్డులో కొత్త స్టీరియో పెట్టినాడు. అప్పటికింకా రేడియో ఏరియల్ తీగ తగిలించలేదు. నా ఫోనుగాని, అతని ఫోనుగాని దాంతో కలపలేదు. తర్వాత ఇద్దరం గుర్తుచేసుకుని మరీ చూసుకున్నాం.

సుగుణని ముందు సీట్లోకి చేర్చి, ఆమె పక్క కిటికీ దగ్గర వంగి నిలబడినాను. తపన్ స్టీరింగు ముందు కూచుని పెన్‌డ్రైవు పెట్టినాడు.

అంతమందిలోనూ సుగుణ గొంతు విడిగా తెలిసింది. మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. నేను ఆమె పెదాలకేసే చూస్తున్నాను. కదల్లేదు. ఒక చరణం అయిపోయింది. కదల్లేదు.

"పాడవే సుగుణా. ఒక్క ముక్క. నీకు దండమెడతాను" అని బతిమాలినాను. తపన్ ఏమనుకుంటాడోనని కూడా చూసుకోలేదు.

అతను ఎడమ స్పీకరు ఒక్కదాన్నే పరీక్షించడానికి సౌండంతా అటు తిప్పినాడు. పాట ఎక్కడికో దూరం జరిగిపోయినట్టయింది. అప్పుడు తలుపులోంచి సుగుణ గొంతు వచ్చింది. పాట కాదు, మాట.

"ఏవండీ, కుడేపు డొక్కలో పొడిసేస్తంది. ఓర్సుకోలేకపోతన్నాను."

సీట్లో సుగుణ నోరు మూసే ఉంది. పళ్ళు బిగబట్టుకుని ఉంది. కళ్ళు కారిపోతున్నాయి. ఆ వెంటనే పాట మళ్ళీ మామూలుగా సాగింది.

తపన్ వేలు స్టీరియో మీద అలాగే ఆగిపోయింది. ఆమె మొహం చూసినాడు, నా మొహం చూసినాడు. "దాదా, కుడేపు మానే కీ?" అన్నాడు. కుడేపు అంటే ఏమిటని అడుగుతున్నాడు.

సుగుణ చీర మీంచే కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టి కొంచెం నొక్కినాను. ఆమె ఒక్క మూలుగు మూలిగింది. నాలుగు నెలల్లో ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి శబ్దం అది.

తలుపు అట్టలు బిగించకుండానే బండి తీసినాను. తపన్ షాపు వదిలేసి వెనక సీట్లో ఎక్కి, ఆమె ఒరిగిపోకుండా భుజాలు పట్టుకున్నాడు. ఆసుపత్రిలో స్కానింగు తీసినారు. గాల్ బ్లాడర్ నిండా చీము. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసినారు. బయటికొచ్చి సర్జన్ అడిగినాడు.

"ఇంత నొప్పి ఎలా ఓర్చుకుంది? ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాను.

"ఎప్పుడు?"

"ఇవాళే."

సుగుణ దక్కింది. ఇంటికొచ్చాక నేను నా పని మొదలుపెట్టినాను. పెన్‌డ్రైవు వదిన కంప్యూటర్లో పెట్టి మొదటి నుంచి చివరి వరకు విన్నాం. పాటే. ఆమె ఫోనులో ఉన్న అసలుదీ విన్నాం. పాటే. పాడిన రోజున నాతో అన్న మాట ఏదైనా రికార్డయి ఉంటుందా అంటే, ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను, చర్చికే వెళ్ళలేదు. తపన్ దగ్గరికి వెళ్ళి అదే కారులో, అదే వైపు సౌండు తిప్పి మళ్ళీ మళ్ళీ పెట్టించినాను. చివరికి అతనే స్టీరియో ఆపేసినాడు. "దాదా, నేను విన్నాను. మీరు విన్నారు. ఇంక వద్దు" అన్నాడు బెంగాలీలో. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.

సుగుణకి మాట ఇంకా రాలేదు. అవునుకి, కాదుకి మాత్రం ఇప్పుడు తల సరిగ్గా ఊపుతోంది. దీదీ రకరకాలుగా అడిగి చూసింది, తప్పు పోవడం లేదు. అందుకే పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తూ ధైర్యం చేసి అడిగినాను.

"ఆవేళ కారులో మాట్లాడింది నువ్వేనా?"

కాదని తల ఊపింది.

"నీకు వినబడిందా?"

అవునని ఊపింది.

"మరి ఎవరే?"

దానికి తల ఎలా ఊపాలో తెలియక సుగుణ నా కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది.