మిరపకాయ దిగింది, జీపు లేచింది

ఆ వయసులో నాకు ఎత్తంటే పిచ్చి. ఎందుకో నన్ను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఇంట్లో నా పేరు బుడంకాయ. తొమ్మిదో తరగతిలో చదువుకీ నాకూ పొసగక (తప్పు చదువుదేనని ఇప్పటికీ నా నమ్మకం) చిలకలూరిపేట రోడ్డు మీద ఒక జీపుల షెడ్డులో చేరాను. కొన్నాళ్ళు ఒంటికి గ్రీజు పూసుకున్నాక మనిషికి పని వచ్చేసిందనే ధైర్యం వస్తుంది. పని రావడానికి చాలా ముందే వస్తుందది.

మా మేనమామకు ఒక కురచ జీపుండేది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నాలాంటివాడు కూడా కాళ్ళు ముడుచుకుని పడుకోవాల్సినంత జాగా, అంతే. కానీ నాలుగు చక్రాలూ లాగుతాయి గనక, నల్లరేగడి డొంకదారిలో మిరప కల్లం నుంచి బస్తాలు తేవడానికి దాన్ని మించింది లేదు. ముందటేడు వానకి ఆ బురదలో బరువుతో దిగబడి యాక్సిల్ విరిగింది. "ఈసారి విరగనిది వెయ్యరా" అన్నాడు మామ. గుంటూరు పాత ఇనుము కొట్లో వెతికి, ఏదో పెద్ద ట్రక్కుకి పుట్టిన యాక్సిళ్ళు రెండు పట్టుకొచ్చాను. ఒక్కొక్కటీ ఏనుగు తుంటి ఎముకంత. పెద్ద యాక్సిల్ వేశాక పెద్ద టైర్లు వేయాలనిపించింది. పెద్ద టైర్లు మడ్‌గార్డులకు రాసుకున్నాయి. రాసుకోకూడదంటే బండిని ఎత్తాలి. మామ అడిగింది యాక్సిల్ ఒక్కటే, మిగతాదంతా నా కానుక.

ఎత్తడం ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నాను. ఎవరో దొర, ఎక్కడో ఎడారిలో. మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ చేతులు అర్థమయ్యాయి. యాక్సిల్ కింద ఉన్న కమాను కట్టల్ని, అదే బరువు పడితే వంగే స్ప్రింగు పట్టీల్ని, పైకి మార్చేసరికి జీపు జానెడు పైన లేచింది, స్టూలెక్కిన మేకపిల్లలాగా. (ఆ దొర ఊళ్ళో మిరప గోదాములు లేవు కాబోలు, గుమ్మం సంగతి ఎక్కడా చెప్పలేదు.) అంతటితో ఆగానా? టాపుకి ఇనప కమ్మీలు వంచి వెల్డింగు చేశాను. "బోల్టులు పెట్టుకోరా, కావాలంటే ఊడదీయొచ్చు" అన్నాడు షెడ్డు మేస్త్రి. నా పని ఊడదీసే అవసరం ఎందుకొస్తుందని నాకు పౌరుషం.

మామ జీపు చుట్టూ తిరిగి చూసి, "ఒరేయ్, ఇది జీపా, కాపలా మంచెనా?" అన్నాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచే, "నిచ్చెన కూడా నువ్వే చేస్తావా, వేరే కొనుక్కోవాలా?" అంది. గొప్ప పని మొదట్లో ఎవరికీ అర్థం కాదని ఊరుకున్నాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం పడమటి వైపు నల్లగా మూసుకొచ్చింది. ఏడాది పంటంతా కల్లంలో ఎండుతోంది. తడిస్తే ఎర్రకాయ తెల్లబడి తాలవుతుంది, తాలుకాయకి గుంటూరు మిరప యార్డులో మొహం చూసేవాడుండడు. ఊళ్ళో ట్రాక్టర్లన్నీ ఎవరి కల్లాలకు వాళ్ళు తోలుకుపోయారు. మిగిలింది మా మంచె. కట్టి ఉన్న బస్తాలు మొదట వేసుకుని ఇంటి పక్క గోదాముకి తెచ్చాను. "రానీ... రానీ... మెల్లిగా!" అని మామ చేతులూపుతుంటే, గుమ్మం మీది రాతిదూలానికీ నా కమ్మీలకీ మధ్య బీడీ దూరేంత సందులో లోపలికి వెళ్ళింది. "చూశావా మావయ్యా, కొలిచి చేసినట్టు లేదూ?" అన్నాను. (కొలవలేదు.)

హమాలీలు బస్తాలన్నీ దించి గోడవారన పేర్చారు. నేను రివర్సు వేశాను. ఖంగుమంది. నెత్తి మీద సున్నం రాలింది. మిరపకాయ దిగింది, జీపు లేచింది.

"గాలి తీసెయ్‌రా టైర్లలో!"

"తీస్తే మళ్ళీ కొట్టే పంపు షెడ్డులో ఉంది మావయ్యా."

"ఆ కమ్మీలు ఊడపీకు!"

"వెల్డింగు మావయ్యా."

"అయితే బస్తాలు మళ్ళీ ఎక్కించండి!"

హమాలీ పెద్దాయన తలగుడ్డ విప్పి కింద పరుచుకుని కూర్చున్నాడు. "దించేదా, ఎక్కించేదా, మామా అల్లుళ్ళు ఒక మాట మీదకి రండయ్యా. ఈలోగా నేనో బీడీ తాగుతా."

అంతలో ఉరిమింది. మామ ఆకాశం వైపు చూసి, నన్ను తిట్టడం ఆపేశాడు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

అరుగు మీద తొడిమలు తీయిస్తున్న అత్తయ్య చేట పక్కన పెట్టి వచ్చింది. "బస్తాలు దించితే లేచిన బండి, మనుషులెక్కితే కూర్చోదా? ఎటూ కల్లంలో కాయ ఎత్తడానికి మనుషులు కావాలిగా. ఎక్కండే అందరూ!" తొడిమలు తీసేవాళ్ళు ఎక్కారు, హమాలీలు ఎక్కారు, బానెట్ మీద ఇద్దరు కూర్చున్నారు. ఇంకా వేలెడు తక్కువైంది. మామ దూలం వంక చూశాడు, నా వంక చూశాడు, అత్తయ్య వంక మాత్రం చూడలేదు. (ఇన్నేళ్ళ కాపురం ఊరికే నిలబడుతుందా?) అత్తయ్య పుట్టిల్లు పొన్నూరు, మంచి వరి అన్నం తిని పెరిగిన ఒళ్ళు.

"మొహమాటం దేనికండీ? నేనొక్కదాన్నే రెండు బస్తాలు. ఒరేయ్ బుడంకాయ్, పీట వెయ్!"

అత్తయ్య ఎక్కింది. కమాను కట్టలు నిట్టూర్చాయి. "తలలొంచండి!" అని అరిచి వెనక్కి తీశాను. కమ్మీలు దూలాన్ని గీరుకుంటూ బయటపడ్డాయి.

ఆ జనంతో డొంకలో పడ్డాం. దారి పొడుగునా "వీడికి లైసెన్సుందా పిన్నీ?" "మనకి ఆయుష్షుందా అనడగవే ముందు!" అని వెనక నవ్వులు. కల్లంలో దిగడం దిగడమే అందరూ చేటలూ గంపలూ పట్టుకున్నారు. కాయ కుప్ప చేసి, పట్టాలు కప్పి, ఆఖరి తాడు బిగిస్తుండగా చినుకు మొదలైంది. అంచున నాలుగు గంపలు తడిశాయి, అంతే. తిరుగుదారిలో ఆ బురదలో, ఆ బరువుతో, యాక్సిల్ కిక్కురుమనలేదు. అది చెప్పుకోవాలని నాకు నోరు దురద.

ముందు సీట్లో తడిసి కూర్చున్న మామే మొదలెట్టాడు. "రేపు పొద్దున్నే దించెయ్‌రా."

"యాక్సిలా మావయ్యా?"

"యాక్సిల్ ఉంచు. నీ కానుక తీసుకుపో."

ఇప్పుడు బైపాస్ పక్కన నాకే ఒక షెడ్డుంది. మీసం రాని కుర్రాళ్ళు కొత్త జీపులేసుకొచ్చి "ఎంత వరకు ఎత్తొచ్చన్నా?" అంటారు. "మీ ఇంటి గేటు ఎంతుంది నాయనా?" అంటాను. నాకప్పుడే ముసలి చాదస్తం వచ్చేసినట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు. అత్తయ్య మాత్రం నేను వెళ్ళినప్పుడల్లా "ఏరా, మనుషుల్ని బస్తాలు చేసినోడా" అంటూనే అన్నం పెడుతుంది. గోదాము దూలం మీద నా కమ్మీల పచ్చరంగు గీత ఇప్పటికీ ఉంది. దాని కింద నుంచి నడిచినప్పుడల్లా నేను తల వంచుతాను. నా తలకీ దానికీ మధ్య మరో బుడంకాయ నిలబడేంత జాగా ఉందని నాకూ తెలుసు.