తాళంకప్ప గారు నోరు విప్పారు

దేశ భద్రత చూసే గూఢచారి శాఖలో ఆయన సీనియర్ లాయరు. నోరు మెదపడు గనుక ఆఫీసంతా తాళంకప్ప గారనేవారు. కూర ఎలా ఉందని భార్య అడిగినా, పరిశీలించి చెబుతాననేవాడు.

శాఖలో జరిగింది బయటపెడితే జైలన్న చట్టం ఆయన రాసిందే. నిజం చెబితేనే నేరం. అబద్ధానికి ఏ అడ్డూ పెట్టలేదు, శాఖ కూడా బతకాలి కదా!

ఆ ఏడు టీచర్లు సమ్మె కట్టారు. వాళ్ళ ఫోన్లు వింటే ఎలా ఉంటుందని డైరెక్టరు తలుపు వేసి అడిగాడు. "చట్టం ఒప్పుకోదు సార్, వద్దు" అన్నాడు తాళంకప్ప. డైరెక్టరు శ్రద్ధగా తలాడించి, అందరి ఫోన్లూ శుభ్రంగా విన్నాడు. గుట్టు రట్టయి విచారణ సంఘం కూర్చుంటే, "మా లాయరు సరేనన్నాకే చేశాం" అని తాళంకప్ప నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నాడు.

ఆ టీచర్లలో తాళంకప్ప గారి కూతురూ ఉంది.

"మా మాటలన్నీ వినమన్నావుగా నాన్నా, ఇంక నీతో విడిగా మాట్లాడటం ఎందుకు?" అంది. అన్నంత పనీ చేసింది. ఒక్క ముక్క చెబితే కూతురు దక్కుతుంది, ఉద్యోగం ఊడి జైలు ఖాయమవుతుంది. పాపం, ఆయన రోజూ కంచం ముందు నీళ్ళు నమిలేవాడు. ఒకే ఇంట్లో ఆ పిల్ల మాట్లాడకపోవడం ఆయనకు నరకంగా ఉంది.

చివరికి విచారణలో, "వద్దనే చెప్పాను" అనేశాడు. పచ్చి అబద్ధమని డైరెక్టరు అక్కడే కొట్టిపారేశాడు. టీవీలో చూసిన కూతురు, "పీకల మీదకొస్తే ఎవరైనా అలాగే అంటారమ్మా" అని తల్లితో అంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర డైరెక్టరు ఫోన్ చేశాడు. తాళంకప్ప స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"శాఖ రహస్యం బయటపెట్టారు. మీ మీద కేసు పెడుతున్నాం!"

"అబద్ధం చెప్పానన్నారుగా సార్. అబద్ధానికి ఆ చట్టంలో శిక్ష లేదే?"

"అబద్ధమేంటయ్యా! నువ్వు వద్దన్నది నిజం కాబట్టేగా కేసు!"

కూతురి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇంకోసారి గట్టిగా చెప్పండి సార్," అన్నాడాయన, "మా అమ్మాయి వింటోంది."