పాయకు కంచె కట్టిన కౌడి పత్తి

పొద్దున ఆరుంబావుకు వరంగల్‌లో బండెక్కాను. కొత్తవాడలో జంపఖానాలు నేసే నాకు సముద్రంతో పనేమిటంటారా? ఏటా చీరాల వైపు సరుకమ్మడానికి పోతే చేపలమ్మే రమణమ్మ ఇంట్లోనే నా మకాం. మూడ్రోజుల కింద ఆమె ఫోన్ చేసింది. నడిసముద్రంలో ఓడ నుంచి కారిన నూనె వాళ్ల తీరానికి వస్తోందట, అధికారులు తెప్పిస్తున్న రబ్బరు కంచెలకు ఆలస్యమవుతుందట. మగ్గానికి నూనె అంటితే పత్తితోనే కదా తుడుస్తాం! వలల్లో పత్తి కూరి పొడవాటి గొట్టాలు కుట్టి తెస్తానన్నాను.

కాశిబుగ్గలో ఉండే మరిది సారయ్య కౌడి పత్తి తెచ్చాడు. వానకు రంగు చెడి మార్కెట్లో ఎవరూ కొననిదన్నమాట. నాకు ఒళ్లు మండింది.

"పరాయి ఊరోళ్లకు గీ మురికి పత్తి ఇస్తమా? ఇజ్జత్ పోతది" అన్నాను.

సోడాలో ఉడికించిన తెల్ల పత్తే కూరాం. అది చాలక నాలుగు గొట్టాలకు మాత్రం కౌడి పత్తి వాడాం.

గొట్టాలు లగేజీలో వేయించి, పట్టనివి నా సీటు పక్కన పెట్టుకున్నాను. ఖమ్మంలో ఎక్కినాయన అంత పత్తి ఎవరి పెళ్లి పరుపులకని అడిగాడు. సముద్రానికన్నాను, లేచి వేరే సీటు చూసుకున్నాడు. విజయవాడలో ఇడ్లీ తిని, పదకొండున్నరకు చీరాలలో దిగి సరుకంతా ట్రాలీ ఆటోలో వేసుకొని పల్లె చేరాను.

రమణమ్మ నన్ను నేరుగా పాయ దగ్గరికి తీసుకుపోయింది. సముద్రపు నీరు ఆ పాయలోంచే మడచెట్ల మధ్యకు పోతుంది.

"నూనె ఇందులోకి దూరిందంటే మా పీతలూ రొయ్యలూ పోయినట్టే వదినా. రేపు పొద్దున పోటుకి వచ్చేస్తదంట" అంది.

పడవల్లోంచి గొట్టాలు వేశాం. గంట తిరక్కుండా నా తెల్ల గొట్టాలన్నీ నీళ్లు తాగి మునిగాయి. కౌడి పత్తివి నాలుగూ బాతుల్లా తేలుతున్నాయి! సిగ్గుతో చచ్చిపోయాను. పచ్చి పత్తికుండే జిడ్డు నీటిని రానివ్వదు, నూనెనే పట్టుకుంటుంది. ఆ జిడ్డును నేనే ఉడికించి పారేశాను.

వెంటనే సారయ్యకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"ఫికర్ జేయకు వదినా, తెల్లారేసరికి నీ ముంగటుంటది" అన్నాడు.

వాడకట్టంతా కూర్చొని కుట్టారట. మర్నాడు ఆరింటికి కౌడి పత్తి గొట్టాలతో డీసీఎం వ్యాను వచ్చింది. ఏడున్నరకు పాయకు అడ్డంగా మూడు వరుసలు కట్టాం. ఎనిమిదింటికి పోటుతోపాటు నల్లటి తెట్టు వచ్చి గొట్టాలను తాకింది. నల్లబడిన గొట్టాన్ని లాగడం, కొత్తది వేయడం, మధ్యాహ్నం దాకా అదే పని. పోటు తీశాక రమణమ్మ కంచెకు లోపలి వైపు చెయ్యి ముంచి పైకెత్తి చూపింది. చుక్క నూనె లేదు. ఒడ్డంతా ఈలలు. నేనైతే గట్టిగా ఏడ్చేశాను.

మూడున్నరకు తిరుగు బండి. ఎదురు సీటామె నా చీర కొంగుకున్న నల్ల మరక చూసి, కిరసనాయిలుతో రుద్దితే పోతుందని సలహా ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా జంపఖానా మీద చిన్న మచ్చ కనిపించినా ఇల్లు పీకి పందిరేసే మనిషిని నేను. కొంగు మడిచి, మరక పైకి కనిపించేలా ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇది ఉతికేది కాదక్కా" అన్నాను.