ఐదు ఫోన్ల వంతు

విద్యావతిది చిక్కడపల్లి. పుట్టిందీ, చదివిందీ అక్కడే. పెళ్లయ్యాక కాపురానికి వెళ్లింది కూడా రెండు సందుల అవతలికే. ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. నలభయ్యో ఏట, 2009లో, ఉన్నట్టుండి పీహెచ్‌డీలో చేరింది. ఎందుకని అడిగితే "ఊకెనే" అనేది. అసలు సంగతేమిటంటే, తన దగ్గర చదువుకున్నవాళ్లే తనకు పైవాళ్లుగా వస్తుంటే ఆమెకు ఒళ్లు మండింది.

ఆమె ఎంచుకున్న విషయం వింటే చిన్నదే. ఒకేచోట ఉన్న నలుగురి ఫోన్లకూ ఒకే సమాచారం కావాలి. నాలుగూ వేర్వేరుగా టవర్‌ను అడుగుతాయి, నాలుగు బ్యాటరీలూ కరిగిపోతాయి. అట్లా కాకుండా ఒక్క ఫోను అడిగి తెచ్చి, తన దగ్గర దాచుకుని, పక్కవాటికి పంచితే? మిగిలినవి హాయిగా నిద్రపోవచ్చు. ఆ పని ఎవరిది? ఎవరి బ్యాటరీ నిండుగా ఉంటే వాళ్లది. కంప్యూటర్‌లో వంద ఉత్తుత్తి ఫోన్లు పెట్టి పరీక్షిస్తే అన్నీ చెప్పినట్టు విన్నాయి.

గైడు దక్షిణామూర్తి గారు ఆమె గీసుకొచ్చిన గ్రాఫులు చూసి నవ్వారు.

"నీ ఫోన్లు మహా బుద్ధిమంతులమ్మా. వీటికి యజమానులు లేరు కదా! ఒకసారి మనుషుల చేతుల్లో పెట్టి చూడు."

మనుషుల కోసం విద్యావతి దూరం వెళ్లలేదు. ఇంట్లో భర్త విద్యాసాగర్ ఉన్నాడు, నారాయణగూడలో బ్యాంకు ఉద్యోగి. కింది వాటాలో కిరాయికి వెంకటరామయ్య, బాలత్రిపురసుందరి దంపతులు ఉన్నారు. కాకినాడ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా వాళ్ల మాటలో "అండీ" చెక్కుచెదరలేదు. మేడమీది గదిలో అనూహ్య ఉంది, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటోంది. తనతో కలిపి ఐదు ఫోన్లు.

అది 2013 ఎండాకాలం. మంచినీళ్లు ఏ పూట వదులుతారో తెలియక అందరూ సతమతమవుతున్నారు. లైన్‌మన్ మాసయ్యను బతిమాలితే, వాల్వు తిప్పే ముందు ఒక మెసేజ్ పెడతానని ఒప్పుకున్నాడు. ఆ కబురు కాలేజీ కంప్యూటర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఒక ఫోను తెచ్చి మిగతా నాలుగింటికీ పంచాలి.

మొదట్లో పని సలక్షణంగా సాగింది. అందరి బ్యాటరీలూ నిలిచాయి, ఒక్క విద్యాసాగర్‌ది తప్ప. ఆ ఇంట్లో క్రమం తప్పకుండా ఫోను చార్జింగ్ పెట్టేది అతనొక్కడే మరి. కాబట్టి రోజూ డ్యూటీ అతని ఫోనుకే పడేది.

"ఏంది విద్యా ఇది! ఇంటిల్లిపాది ఫోన్లకు నా ఫోనే చాకిరీ చెయ్యాల్నా?"

"మీ బ్యాటరీ నిండుగ ఉంటది కాబట్టే మీకు ఆ గౌరవం" అంది విద్యావతి.

విద్యాసాగర్‌కు ఆ గౌరవం అక్కర్లేకపోయింది. చార్జింగ్ బ్యాంకులోనే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం నుంచి పడుకునేదాకా పాత పాటలు మోగించి బ్యాటరీని కిందికి దించేసేవాడు. ఈ కిటుకు వెంకటరామయ్యకు తెలిసింది. ఆయన నుంచి సుందరికి, ఆమె నుంచి అనూహ్యకు పాకింది. అనూహ్య తన ఫోనుకు లైబ్రరీలో చార్జింగ్ పెట్టుకునేది, ఇంటికొచ్చాక వీడియోలు చూసి ఖాళీ చేసేది. ఇక విద్యావతి ఫోను సంగతంటారా, బ్యాటరీ మీద పరిశోధన మొదలుపెట్టిన నాటి నుంచీ అది నిండుగా ఉన్న పాపాన పోలేదు.

ఒకరోజు తెల్లవారుజామున మాసయ్య మెసేజ్ పెట్టాడు. ఐదు ఫోన్లలోనూ అడుగంటిన చార్జింగే. ఇంత నీరసంగా ఉన్నవాళ్లను కష్టపెట్టకూడదని విద్యావతి రాసిన ప్రోగ్రాం ఐదింటినీ నిద్రపుచ్చింది. నీళ్లు వచ్చాయి, వెళ్లాయి.

సుందరి ఖాళీ బిందెతో మెట్లెక్కి వచ్చింది.

"విద్యావతిగారూ, బ్యాటరీలైతే బ్రహ్మాండంగా మిగిలాయండీ. స్నానానికి నీళ్లే మిగల్లేదు."

వెనకాలే అనూహ్య. "అక్కా, ఇయ్యాల మాక్ టెస్టుంది. మొహం కడుక్కోనీకి జర ఏమన్న ఉన్నయా?"

విద్యావతి భర్త వైపు చూసింది. అతను పేపర్లో తలదాచుకున్నాడు.

"మీరు గింత తెలివి బ్యాంకుల చూపిస్తే ఎప్పుడో మేనేజరయ్యేటోళ్లు!"

నాలుగేళ్ల కష్టం నలుగురు ఇంటి మనుషుల చేతిలో మట్టిపాలైందని ఆమెకు ఏడుపొచ్చింది. కానీ సాయంత్రం ట్యాంకరు నీళ్లతో గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయింది. తోడికోడళ్ల మధ్య అంట్లు తోమే వంతును ఎవరి ఒంట్లో ఓపికుందో చూసి ఎవరూ నిర్ణయించరు. అట్లా చేస్తే ఇంటినిండా తలనొప్పులే. నిన్న ఎవరు తోమారో చూస్తారు. చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

కొత్త పద్ధతిలో ప్రతి ఫోనూ ఎన్ని వంతులు చేసిందీ మిగతావి గుర్తుపెట్టుకుంటాయి. చేసినవాళ్లకు విశ్రాంతి. తప్పించుకున్నవాళ్లకు కబురు అందరికన్నా ఆఖరున. విద్యాసాగర్ మొదటివారం పట్టుదలగా పాటలు వింటూనే వచ్చాడు. ఇంట్లో నీళ్లు పట్టే పని అతనిదే, తన ఫోనుకొచ్చిన కబురు విద్యావతి అతనికి చెప్పేది కాదు. తీరా అతనికి కబురందేసరికి వెంకటరామయ్య డ్రమ్ములన్నీ నింపుకుని కాఫీ తాగుతున్నాడు. రెండోవారం నుంచి అతని ఫోను మళ్లీ నిండుగా కనిపించింది. వానలు పడేనాటికి ఐదు బ్యాటరీలూ సాయంత్రం దాకా వస్తున్నాయి, నీళ్లూ ఎవరికీ తప్పిపోవడం లేదు.

2014లో వైవా జరిగింది. ఎవరైనా వచ్చి వినొచ్చంటే విద్యాసాగర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరుసలో కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒక గ్రాఫు దగ్గర ఆగాడు.

"ఈ మూడో నంబరు ఫోను ప్రవర్తన అనుమానంగా ఉందమ్మా. మరీ ఇంత స్వార్థం ఉంటుందా? లెక్కలో పొరపాటేమో."

వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"పొరపాటేం లేదు సార్" అన్నాడు విద్యాసాగర్ లేచి నిలబడి. "ఆ ఫోను నాదే."

దక్షిణామూర్తి గారు అందరికన్నా ముందు నవ్వారు. విద్యావతికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఉడుకుమోతు నీళ్లు కావు.