మల్లి చెప్పిన పిల్లి కథ

మా చిన్నప్పటి బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ఒక్క పేరుకి మాత్రం "ప్రెజెంట్ టీచర్" అన్న జవాబు వినిపించేది కాదు... ఆ పేరు దగ్గర వరలక్ష్మి టీచర్ ఆగి, తలెత్తి చూసేవారు. నా పక్కన కూర్చునే మల్లీశ్వరిని నేను మోచేత్తో తట్టేదాన్ని. అది చెయ్యెత్తి నవ్వేది.

కోడూరు దగ్గర చిన్న ఊరు మాది. రెండు గదుల బడి... మా మూడో తరగతి వరండాలో. మల్లికి పుట్టుకతోనే వినపడదు, అందుకే మాటలూ రాలేదు. వాళ్ళ నాన్న సముద్రం మీదికి వేటకెళ్ళేవాడు. వాళ్ళమ్మ నాంచారమ్మ నెత్తిన గంప పెట్టుకుని ఊళ్ళో చేపలమ్మేది.

బోర్డు మీద ఏం రాసినా మల్లి పలక మీదికి ముత్యాల్లా దించేసేది. కానీ తను ఏం రాసిందో తనకే తెలియదు. 'చేప' అని రాస్తే, అది వాళ్ళమ్మ గంపలో ఉండేదాని పేరేనని ఎవరు చెప్పాలి... ఎలా చెప్పాలి...

వరలక్ష్మి టీచర్ రోజూ అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చేవారు. సైగల భాష ఆవిడకీ రాదు. "నాకూ తెలీదర్రా... అందరం కలిసి మనమే ఒకటి చేసుకుందాం" అన్నారు ఒకరోజు.

ముందు అందరి పేర్లకీ సైగలు కట్టాం. రెండు జడలు లాగినట్టు చేస్తే నేను... టికెట్టు చింపినట్టు చేస్తే కండక్టరు గారబ్బాయి సుబ్బారావు... కళ్ళజోడు పైకి తోస్తే టీచర్. అరచెయ్యి మెలికలు తిప్పితే చేప. సైగ చెయ్యడం, ఆ వెంటనే పలక మీద ఆ మాట రాయడం. ఒక్కో మాట అర్థమైనప్పుడల్లా మల్లి కళ్ళు ఇంతింత అయ్యేవి.

మేమంత త్వరగా నేర్చుకోవడానికి ఇంకో కారణమూ ఉందిలెండి. టీచర్ బోర్డు వైపు తిరిగితే చాలు, క్లాసంతా కబుర్లే... చిన్న చప్పుడు కూడా లేకుండా. ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండేవారు.

శనివారం మధ్యాహ్నాలు కథలు చెప్పుకునేవాళ్ళం. నోరు తెరవకూడదు, చేతులతోనే చెప్పాలి. మల్లి చాలా వారాలు చూస్తూ కూర్చుందే గానీ, ఎంత పిలిచినా లేవలేదు.

ఒక శనివారం పొద్దున్నే నాంచారమ్మ బడికొచ్చి, గంప మెట్ల మీద దించింది.

"సోమారం నుంచి పిల్లని పంపనండీ టీచరుగారూ. మా వదిన తీసుకెళ్తానంటంది. ఆళ్ళ ఊళ్ళో ఎండుచేపలు ఆరబెట్టే కాడ సాయంగా ఉంటది."

"బాగా నేర్చుకుంటోంది నాంచారమ్మా. ఈ ఏడాదన్నా ఉండనివ్వు."

"మీరు మంచోరు కాబట్టి అట్టా అంటారు. మాట రాని పిల్లకి చదువేం అబ్బుద్ది చెప్పండి... మాపిటేల వొచ్చి తీసుకెళ్తా."

ఆ పూట టీచర్ లెక్కలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయారు. నాకైతే ఎల్లుండి నుంచి నా పక్కన ఎవరుంటారని ఏడుపు వచ్చేస్తోంది. జరిగింది మల్లికి సైగలతో చెప్పాను. అది నా చేతులనే చూసింది.

మధ్యాహ్నం కథల వేళకి, ఎవరూ పిలవకుండానే మల్లి లేచి ముందుకెళ్ళి నిలబడింది.

మొదట నడుం మీద చెయ్యేసుకుని, నోట్లో తాంబూలం నములుతూ, ఎదుటివాళ్ళకి వేలు చూపించి పనులు పురమాయించే ఒకావిడని చూపించింది. వాళ్ళ మేనత్తే. తర్వాత పీట మీద కూర్చుని చేప కడుగుతున్న వాళ్ళమ్మ అయ్యింది. అంతలో మీసాలు దువ్వుకుంటూ పిల్లి అయ్యింది... మేం పడీ పడీ నవ్వుతున్నాం. టీచర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆ నవ్వుల మధ్య నాంచారమ్మ వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. చివర కూర్చున్న నన్ను గోకి, "ఏం చెప్తందమ్మా అది?" అనడిగింది.

"మొన్న మీ వదినగారు వచ్చినప్పటి సంగతి పిన్నీ. చేపని పిల్లి ఎత్తుకుపోయిందంట... నువ్వు చీపురు పుచ్చుకుని ఎంటపడి, బాతులు తిరిగే బురదలో జారి పడ్డావంట. పిల్లి నోట్లోంచి లాక్కొచ్చి, కడిగి, పులుసు పెట్టేశావంట. మీ వదినగారు వేళ్ళు నాక్కుంటా ఇంకో ముక్క ఎయ్యమన్నారంట."

నాంచారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోయేలా నవ్వింది.

"శుభ్రంగా కడిగే వండానండీ టీచరుగారూ... మా వదినకి మాత్రం తెలియనియ్యకండి."

అప్పుడు చూసింది మల్లి వాళ్ళమ్మని. గాల్లో చేతులు అలాగే ఆగిపోయాయి.

నాంచారమ్మ నవ్వడం మానేసి కూతుర్నే చూసింది. "అన్నీ ఇట్టా చూస్తా ఉంటదా ఇది..." అంది మెల్లగా. "దానికేం తెలవదనుకున్నానే నేను..."

ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య ఉన్న సైగలు అన్నం, నీళ్ళు, రా, పో... అంతే.

కాసేపటికి నా పక్కన చతికిలబడి, "అమ్మాయ్, బళ్ళో ఇయ్యాళ ఏం జరిగింది అని దాన్ని ఎట్టా అడగాల?" అంది.

బడి అని గంట కొట్టినట్టు చేసి, ఏంటని అరచెయ్యి తెరిచి చూపించాను. నాంచారమ్మ నీచు వాసనొచ్చే చేతులతో తడబడుతూ అలాగే చేసింది. మల్లి పరిగెత్తుకొచ్చి, వాళ్ళమ్మ వేళ్ళు పట్టుకుని సరిచేసింది.

సోమవారం హాజరులో నా పక్కన చెయ్యి లేచింది. ఆ తర్వాత చేపలమ్ముకుని వెళ్తూ నాంచారమ్మ రోజూ కాసేపు మా వరండాలో కూర్చునేది. కొత్త సైగ నేర్చుకోకుండా కదిలేది కాదు.

మల్లి పదో తరగతి దాకా చదివింది. ఇప్పుడు అవనిగడ్డలో బట్టలు కుడుతోంది. వీడియో కాల్ వచ్చాక మా కబుర్లకి అడ్డే లేదు...

మా బడి మాత్రం లేదు. పిల్లలు తగ్గారని పక్కూరి బళ్ళో కలిపేశారు. అక్కడ ర్యాంపు ఉంది, ఇలాంటి పిల్లల కోసం చదువుకుని వచ్చిన టీచర్ ఉన్నారు, అందరికీ అర్థమయ్యే అసలైన సైగల భాష నేర్పుతున్నారు. మంచిదే... మల్లి కూడా తర్వాత అదే నేర్చుకుంది. మేం వరండాలో కట్టుకున్న భాషే, అక్కడ కూర్చున్నవాళ్ళకి తప్ప ఎవరికీ రాదు.

మొన్న కాల్‌లో 'వాన'కి మనం ఏ సైగ చేసేవాళ్ళం అని అడిగాను. ఇద్దరం చేతులు గాల్లో పెట్టుకుని ఎంతసేపు ఆలోచించినా గుర్తు రాలేదు...

ఆ వరండాలో మాతో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, కాస్త గుర్తు చేసుకుని చెప్పండర్రా.