మా నాన్న విన్న క్యూబా వాక్యం

మీకు దారి చూపిన రచయిత గురించి నాలుగు మాటలు రాయండమ్మా అని పోయిన వారం ఒక పత్రిక నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే, ఠక్కున క్యూబా ఆయన అనేశాను. క్యూబానా అని రెండుసార్లు అడిగింది. పాపం, విజయనగరం వైపు దాన్ని కదా, మా వైపు పెద్దాయనెవరి పేరో చెబుతాననుకుని ఉంటుంది.

అరవైల చివర్లో బొబ్బిలిలో నేను కొత్త టీచరమ్మను. నౌపడ ఉప్పుకొఠార్లలో గుమాస్తా అయిన మా బావ, అంటే అక్క మొగుడు, విశాఖపట్నం పాతపుస్తకాల అంగడిలో కొన్న అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి, క్యూబా ఆయనదట, తనకు మింగుడు పడలేదంటూ నా ఒళ్లో పడేశాడు. నాకూ పడలేదు. వానలో ఓడరేవుకు బయలుదేరిన మనిషికి చెరకుపానకం వాసన తగిలి, ఆ వాసనకు మేనత్త గుర్తొచ్చి, మేనత్తతో పాటు ఆవిడ పెళ్లినాడు ఆగిపోయిన గడియారం గుర్తొచ్చి, మూడు పేజీలు తిరిగితే గానీ ఒక్క వాక్యం పూర్తికాదు. ఆయన్ని ఎంత తిట్టుకున్నానో! అయినా వదల్లేకపోయాను, ఎందుకంటే మధ్యలో ఎక్కడో ఆ మేనత్త నాకు కనబడింది.

ఆ మూడు పేజీలను తెలుగు చేసి అచ్చులో నా పేరు చూసుకోవాలని తెగ ఉబలాటపడ్డాను. చదివేవాళ్లకు తేలికగా ఉండాలని ఆ వాక్యాన్ని చిన్నచిన్న వాక్యాలుగా కోసి ఒక పత్రికకు పంపితే, సాఫీగా ఉంది గానీ ప్రాణం లేదని సంపాదకుడు తిప్పి పంపాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. ఇక కలం పట్టనని అమ్మతో చెప్పేశాను.

మా నాన్న వీణలు చేసేవాడు. చదువు లేదు గానీ గొప్ప చెవి. నా మాట విని, ఉలి ఆపకుండానే అదేదో చదవమన్నాడు. చదివాను. ఆ క్యూబా ఆయన కూడా ఇన్నిసార్లు ఆగాడా అని అడిగితే, లేదు, అర్థం కావాలని నేనే కోశానన్నాను. నాన్న ఎదుట ఉన్నది ఏకాండి వీణ, కింది కుండా పొడుగాటి దండీ అతుకన్నది లేకుండా ఒక్క పనసదుంగలోంచే తొలుస్తారు.

"ఆయన ఒకే దుంగలో సెక్కినాడు. నువ్వు ముక్కలు సేసి జిగురెట్టినావు. మరెలాగ పలుకుతాదమ్మా?"

కోపం వచ్చింది, కానీ ఆ మాట నన్ను వదల్లేదు. బడి నుంచి రాగానే కూర్చుని మూడు వారాలు తిరగరాశాను. నూతి దగ్గర మా వీధి ఆడవాళ్లు ఒక సంగతిలోంచి ఇంకో సంగతిలోకి ఊపిరి తీసుకోకుండా వెళ్లిపోవడం ఎన్నేళ్లుగా వింటున్నానో, ఆ నడకే ఇక్కడ పనికొచ్చింది. అంత కష్టమనుకున్న మనిషి మా వీధివాడే అనిపించాడు. మళ్లీ చదివి వినిపిస్తుంటే సగంలో ఉలి చప్పుడు ఆగింది. చివరికొచ్చాక నాన్న నా వైపు తిరిగాడు.

"ఆ మేనత్త తరవాతేటైపోనాది?" అన్నాడు.

ఆ అనువాదం అచ్చయింది, తర్వాత నా కథలూ అచ్చయ్యాయి, కానీ నేను రచయితనైంది ఆ ప్రశ్న విన్నప్పుడే. ఇప్పుడు నాన్న లేడు, మంచి పనసదుంగ దొరకడం గగనమైంది, పొడుగు వాక్యాన్ని వినే ఓపిక ఎవరికీ లేదంటున్నారు. నేను నమ్మను. ఎనభైకి దగ్గరపడ్డ ఈ వయసులోనూ పొద్దున్నే ఒక వాక్యం మొదలుపెట్టి, అది ఎక్కడ ఆగుతుందో నాకే తెలియకుండా దాని వెంట పోతుంటే ఎంత సంతోషంగా ఉంటుందో.