మంచం పట్టేటంత సందు

మొన్న బుధవారం పొద్దున జనగామలో మా మేనత్త పోయింది. తొంభై దాటిన మనిషి. ఆయువు చాలలేదని అనలేం. అయినా రోడ్డు దాటేటప్పుడు ఆమె చెయ్యి ఇక నా రెక్క పట్టుకోదంటే మనసు ఒప్పుకోవడం లేదు.

సాయుధ పోరాటపు రోజుల్లో మాది జనగామ దగ్గరి పల్లె. సర్కారు తుపాకుల లారీలు రాకుండా సంఘపువాళ్లు ఊరిబాటకు అడ్డంగా గండి తవ్వుతున్నారు. ఇరుపక్కలా నీళ్లు నిండిన పొలాలు. మా అమ్మకు నెలలు నిండాయి. పక్క ఊరి మంత్రసాని ముసలిది, నడవలేదు, అమ్మనే మోసుకుపోవాలి. అప్పటికి పెళ్లికాని మా అత్త వెళ్లి గండిలో దిగి నిలబడింది.

"మధ్యల మంచం పట్టేటంత సందు ఇడువుండ్రి. మా వదినను ఎట్ల దాటియ్యాలె?"

"సందు ఇడిస్తె లారీ వస్తది గదా, పిల్లా!"

"మంచమంత సందుల లారీ ఎట్ల దూరుతదన్నా? మీసాలున్నంత తెలివి లేదాయె నీకు! రెండు దిక్కుల రాతిగుండ్లు పెట్టుండ్రి."

నవ్వారు, కసిరారు, చివరికి సందు విడిచారు.

ఆ వారంలోనే పట్టపగలు అమ్మకు నొప్పులొచ్చాయి. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి, నాయిన, చిన్నాయినలు మోశారు. అత్త కొంగు పట్టుకుని నేనూ నడిచాను. గండి దగ్గరికి చేరేసరికి అవతల లారీ వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు. తుపాకీవాడు దిగి, సందుకు అడ్డంగా నిలబడి, దుప్పటి కింద ఎవరిని దాచారని గద్దించాడు.

"కాన్పు మనిషి, సాబ్. నమ్మకపోతె చూడుండ్రి." అత్తే దుప్పటి కొస ఎత్తింది. అమ్మ కేక పెట్టింది.

వాడు పక్కకు జరిగాడు. మంచం గుండ్లకు రాసుకుంటూ దాటింది. లారీ దాటలేక వెనక్కి మళ్లింది. పొద్దుగూకక ముందే తమ్ముడు పుట్టాడు.

పెళ్లయి జనగామ వచ్చినా అత్త మారలేదు. పెద్ద రోడ్డు నడుమ డివైడర్ కడుతుంటే ఇంజనీరును నిలదీసింది.

"లారీలు పోతయి, సరే బిడ్డా. కర్ర పట్టుకున్న ముసలోడు ఎట్ల దాటాలె?"

"జర ముందటికి పోయి మల్లుకోవచ్చు గదా, అవ్వా."

"నా మోకాళ్లు పెట్టుకొని పోయిరాపో, చూస్త!"

సందు వచ్చేదాకా ఆఫీసు మెట్లు ఎక్కుతూనే ఉంది. "అందరికన్న మెల్లగ నడిచేటోని కాళ్లు చూసి బాటెయ్యాలె" అనేది. అలాగని మమ్మల్ని అడ్డదిడ్డంగా దాటనిచ్చేది కాదు.

బుధవారం సాయంత్రం ఆమె పాడె ఆ సందు దగ్గరికే వచ్చింది. అదే సమయానికి ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. పాడె దాటింది. వెనకాల కర్ర ఊతంతో ఒక ముసలాయన ఆగి ఆగి దాటుతున్నాడు. లారీ ఇంకా కదలలేదు.